ఫ్లూ, మలేరియా, కరోనా: జబ్బులకు ఆకాశం పేర్లు ఎట్ల వచ్చినయ్?

దోస్తులూ, ఈ ఎపిసోడ్‌ని ఒక వింత వస్తువుతో మొదలుపెడదాం.

2022 డిసెంబర్ 7. వికారాబాద్ జిల్లా, మర్పల్లి మండలం, మొగిలిగుండ్ల గ్రామం. పొద్దుగాల పొద్దుగాలనే పొలంలో ఆకాశం నుంచి ఒక పెద్ద గుండ్రటి డబ్బా లాంటిది దిగింది. మనిషి లోపల కూర్చునేంత సైజు. ఊరు ఊరంతా ఉరికింది. ఫోన్లు బయటికి తీసిన్రు, ఫోటోలు, వీడియోలు, సెల్ఫీలు. గంటలోపే రాష్ట్రమంతా వాట్సాప్‌లో అదే. "ఏలియన్స్ దిగిన్రా ఏంది?" అని ఒకరు, "ఇందులో ఏమన్నా వైరస్ ఉందేమో, దగ్గరికి పోకుండ్రి" అని ఇంకొకరు. అప్పటికి కరోనా వచ్చి రెండున్నరేళ్లే గదా, భయం ఇంకా పోలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే కంపెనీ టెస్ట్ క్యాప్సూల్. మనుషులను బెలూన్ మీద పైకి తీసుకుపోయి భూమిని చూపించి దింపాలన్నది వాళ్ల ప్లాన్. ఆ పరీక్ష కోసం మన హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి దాన్ని ఎగరేసిన్రు. పైకి పోయింది, పారాచూట్ మీద కిందికి వచ్చింది. అంతే.

నేను మాట్లాడేది సిద్దిపేట జిల్లా చింతమడక నుంచి. మా ఊరి పేరు మీరు ఎక్కువగా రాజకీయ వార్తల్లో విని ఉంటారు, కేసీఆర్ పుట్టిన ఊరు కాబట్టి. ఇయ్యాల మాత్రం రాజకీయం లేదు. నాకు ఆ వీడియో చూసినప్పుడు ఒక్క ప్రశ్న పట్టుకుంది. ఆకాశం నుంచి ఏదన్నా పడగానే మనకు జబ్బు ఎందుకు గుర్తొస్తది? జబ్బు రాగానే మనం ఆకాశం వైపు ఎందుకు చూస్తం? ఈ రెండిటికీ లింకు ఎప్పటిది? దాని వెనక పోతే, ఆ దారి చాలాసార్లు హైదరాబాద్ మీదుగానే పోయింది. అదే ఈ ఎపిసోడ్.

మూడు పేర్లు

ముందు పేర్ల సంగతి చూద్దాం. మూడు జబ్బులు, మూడు పేర్లు.

ఫ్లూ. దాని పూర్తి పేరు ఇన్‌ఫ్లుయెంజా. ఇది ఇటలీ మాట. అర్థం ఏందంటే 'ప్రభావం'. ఎవరి ప్రభావం? నక్షత్రాల ప్రభావం. ఒక్కసారిగా ఊళ్లకు ఊళ్లు జ్వరంతో మంచం పడితే, కారణం ఏం కనిపించకపోతే, పాతకాలం యూరప్‌లో గ్రహాల చూపు పడిందన్నరు. ఆ మాటే జబ్బు పేరయి కూర్చుంది. ఇప్పుడు మనం మెడికల్ షాపుకు పోయి "ఫ్లూ మందు ఇవ్వన్నా" అన్నప్పుడల్లా, తెలియకుండానే ఒక పాత జ్యోతిషం మాట పలుకుతున్నం.

మలేరియా. ఇదీ ఇటలీ మాటే. 'మాల' అంటే చెడ్డ, 'ఆరియా' అంటే గాలి. చెడుగాలి. బురద నేలల మీద నుంచి వచ్చే గాలి పీలిస్తే చలిజ్వరం వస్తదని వందల ఏళ్లు నమ్మిన్రు.

మూడోది కరోనా. ఈ మాటకు కిరీటం అని అర్థం. దీని కథ వేరే, కొంచెం ఆగి చెప్తా.

మనం మాత్రం తక్కువ తిన్నమా? మన తెలంగాణలో ఊరూరికీ పోచమ్మ గుడి ఉంటది. మశూచి, గత్తర లాంటి మహమ్మారులు వచ్చినప్పుడు జనం మొక్కిన తల్లి. బోనాల పండుగ గురించి చెప్పుకునే కథ కూడా ఒక మహమ్మారి కథే. 1813 ప్రాంతంలో జంట నగరాల్లో రోగం వ్యాపించి వేల మంది పోయిన్రట. ఉజ్జయినిలో సైన్యం పనిలో ఉన్న సూరటి అప్పయ్య అనే ఆయన అక్కడి మహాకాళికి మొక్కుకొని, తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపిండని చెప్తరు. ఇయ్యాల మనం లష్కర్ బోనాలు అనుకునేది అక్కడి జాతరనే.

నేను దీన్ని ఎక్కిరిస్తలేను. కారణం తెలియని చావు ముందు మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలె. ఆ తల్లి పేరు మీద ఊరంతా ఒక్కచోట నిలబడ్డది, ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నరు. నేను చూపించాలనుకునేది ఇంకొకటి. ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా జబ్బు చిరునామా చాలా దూరం ఉంటది. నక్షత్రం, గాలి, పొలిమేర అవతల, పరాయి ఊరు. మన ఇంటి వెనక ఉన్న నీళ్ల తొట్టి మీదికి మాత్రం ఎవరి చూపూ పోదు. ఆ చూపును తొట్టి వైపు తిప్పిన మనిషి కూడా మన దగ్గరే పని చేసిండు.

బేగంపేటలో పది అణాల దోమలు

1897. సికింద్రాబాద్ బేగంపేట. రోనాల్డ్ రాస్ అనే డాక్టరు. ఆల్మోరాలో పుట్టిన బ్రిటిష్ సైనిక వైద్యుడు. మలేరియా క్రిమి మనిషి రక్తంలో ఉంటదని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టిండు. కానీ అది ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎట్ల పోతది? గాలి ద్వారానా? నీళ్లలోనా? లండన్‌లో ఉండే ప్యాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు రాస్‌తో, దోమలో వెతుకు అన్నడు.

రాస్ రెండేళ్లు వెతికిండు. వందల దోమలను కోసి చూసిండు. ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన చూసినవన్నీ వేరే జాతి దోమలు. ఆగస్టు నెల, ఉక్కపోత. పంకా వేద్దామంటే కోసిన దోమలు ఎగిరిపోతయి. ఆయన చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టినయి, కళ్లు పెట్టి చూసే అద్దం పగిలింది. ఇవన్నీ తర్వాత ఆయనే రాసుకున్నడు.

అప్పుడు రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు దొరికినయి. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటమే, అవి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఆ దోమలతో కుట్టించిండు. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు ఇచ్చిండు. 1897 ఆగస్టు 20న అందులో ఒక దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణాలు కనిపించినయి. లోపల నల్లటి చుక్కలు. అచ్చం మలేరియా రోగి రక్తంలోని క్రిమిలో కనిపించే నల్ల చుక్కలే. దోమలో అవి ఉండాల్సిన అవసరమే లేదు. అంటే మనిషిలో ఉన్న క్రిమి దోమలోకి వచ్చి అక్కడ పెరుగుతున్నదన్న మాట.

ఇప్పుడు 'ఇమేజ్' సంగతి గమనించుండ్రి. రాస్ ఆ కణాలను చేత్తో బొమ్మ గీసిండు. ఆ సంగతి అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. కానీ ఆయన ఆ ఒక్క బొమ్మ చూపించి "ఇదిగో, రుజువైంది" అని ఆగిపోలేదు. రెండో రోజు ఇంకో దోమను కోసిండు. దాంట్లో కణాలు ఇంకా పెద్దగా ఉన్నయి, అంటే పెరుగుతున్నయి. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతదని, దోమ కుడితే ఇంకో పక్షికి ఎక్కుతదని చూపించిండు. మనుషుల్లో అదే జరుగుతదని 1898లో ఇటలీలో గ్రాస్సీ, ఆయన తోటివాళ్లు నిరూపించిన్రు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆ బేగంపేట బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినం అంటది.

ఆ బొమ్మ తర్వాత మలేరియా చిరునామా మారింది. 'చెడుగాలి' కాస్తా 'నిలవ నీళ్లు' అయింది. గాలిని ఆపడం ఎవరి వల్లా కాదు. గుంటను పూడ్చడం మనందరి వల్లా అయితది. ఈ తేడా పట్టుకోండి, ఎపిసోడ్ మొత్తానికి ఇదే కీలకం.

ఆకాశంలో కరోనా, అద్దం కింద కరోనా

ఇప్పుడు మూడో పేరు దగ్గరికి వద్దాం.

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి కర్ణాటక నుంచి మన తెలంగాణ దక్షిణ భాగం మీదుగా ఒడిశా వైపు పోయింది. ఇబ్రహీంపట్నం దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల అబ్జర్వేటరీ ఉంది, 48 అంగుళాల టెలిస్కోప్‌తో. ఆ రోజు దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడ చేరిన్రు. అమెరికా హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం పాలెంలో కెమెరాలు పెట్టుకుంది. వీళ్లంతా ఎందుకు వచ్చిన్రు? రెండు నిమిషాల కోసం. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ రెండు నిమిషాల్లోనే సూర్యుడి చుట్టూ తెల్లటి కిరీటం లాంటి వెలుగు కనిపిస్తది. దాని పేరే కరోనా. ఆ ఏడాది సూర్యుడు మంచి జోరు మీదున్నడు కాబట్టి కరోనా చుట్టూరా గుండ్రంగా, నిండుగా పడ్డది ఫోటోల్లో.

మరి జనం? జనం తలుపులు వేసుకున్నరు. రోడ్లు ఖాళీ. దూరదర్శన్ ఆ మధ్యాహ్నం సినిమా వేసింది, జనం బయటికి వచ్చి ఉత్త కళ్లతో సూర్యుణ్ని చూడకుండా. మా సిద్దిపేట వైపు సూర్యుడు పూర్తిగా మూసుకుపోలేదు. అయినా భయం మాత్రం పూర్తిగానే ఉంది. మా అవ్వ చెప్పేది: "ఆ దినం పొయ్యి ముట్టియ్యలే బిడ్డా. కడుపుతోని ఉన్నోళ్లను అర్ర బయటికి రానియ్యలే. గాలి సోకుతదని చెప్పిన్రు." చూసిన్రా? గాలి సోకుతదట. మళ్లీ అదే చెడుగాలి, ఈసారి గ్రహణం రూపంలో. కళ్లకు నిజంగానే ప్రమాదం ఉంది, అద్దం లేకుండా చూడొద్దు. కానీ ఆ అసలు ప్రమాదం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. లేని ప్రమాదం మాత్రం ఊరంతా తిరిగింది.

సరే, ఈ సూర్యుడి కిరీటం పేరు వైరస్‌కు ఎట్ల వచ్చింది?

జూన్ అల్మేడా అనే ఆమె ఉండేది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో బస్సు డ్రైవర్ బిడ్డ. 16 ఏళ్లకే చదువు ఆపి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో వైరస్‌ల ఫోటోలు తీయడంలో ఆమె అంతటివాళ్లు లేరు. 1960ల్లో లండన్‌లో డేవిడ్ టిరెల్ అనే డాక్టరు జలుబు చేసినవాళ్ల నుంచి తీసిన ఒక శాంపిల్ పంపిండు. ఆమె ఫోటో తీస్తే గుండ్రటి వైరస్, చుట్టూ వెలుగు వలయం లాంటి ముళ్లు. అలాంటిదే ఆమె అంతకుముందు కూడా చూసింది. అప్పుడు పేపర్ రాసి పంపితే, ఇవి ఫ్లూ వైరస్ ఫోటోలే, సరిగ్గా రాలేదంతే అని తిప్పి పంపిన్రు. 1968లో ఎనిమిది మంది వైరస్ నిపుణులు నేచర్ పత్రికలో ఈ కొత్త కుటుంబానికి పేరు ప్రకటించిన్రు. గ్రహణంలో కనిపించే సూర్యుడి కరోనాను గుర్తుచేస్తున్నది కాబట్టి కరోనా వైరస్ అన్నరు.

అంటే ఇది ఆకాశం నుంచి వచ్చిందని కాదు. ఫోటోలో ఆకాశంలోని ఒక వస్తువు లాగ కనిపించిందని. పోలిక, అంతే. కానీ పోలికను జనం సంబంధం అనుకుంటే ఏమైతది? 2003లో అదే జరిగింది. అదీ మామూలు జనం కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు. అక్కడ మళ్లీ హైదరాబాద్ వస్తది.

ఈసీఐఎల్ నుంచి 41 కిలోమీటర్ల పైకి

మొదట చెప్పిన బెలూన్ కేంద్రం గుర్తుందిగా? అది హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర 1969 నుంచి నడుస్తున్నది. పలుచటి ప్లాస్టిక్ బెలూన్లు, ఫుట్‌బాల్ గ్రౌండ్ కన్నా పెద్దగా ఉబ్బేవి. సైన్స్ పరికరాలను పైకి తీసుకుపోయి, పని అయినంక పారాచూట్ మీద దించుతయి. అవి గాలి ఎటు పోతే అటు పోయి, ఎక్కడో ఒకచోట పడతయి. అందుకే ఎగరేసే ముందు పేపర్లో ప్రకటన ఇస్తరు: పొలంలో దొరికితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి, సమాచారం ఇచ్చినోళ్లకు బహుమతి ఉంటది అని. మొగిలిగుండ్లలో ఎవరన్నా ఆ ప్రకటన చదివి ఉంటే ఏలియన్ వీడియో పుట్టేదే కాదు.

2001 జనవరి 21న అక్కడి నుంచి ఇస్రో వాళ్ల ఒక బెలూన్ ఎగిరింది. ఆ ప్రయోగం వెనక ఉన్న పెద్ద పేరు జయంత్ నార్లీకర్. మన దేశంలో ఖగోళశాస్త్రాన్ని జనానికి దగ్గర చేసిన మహానుభావుడు, 2025 మేలో చనిపోయిండు. ప్రశ్న ఏందంటే: భూమికి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో బతికున్న సూక్ష్మజీవులు ఉన్నయా? ఉంటే అవి భూమి నుంచి పోయినవా, అంతరిక్షం నుంచి వస్తున్నవా?

ప్రయోగం చాలా శుద్ధంగా చేసిన్రు. స్టీలు సీసాల్లోంచి గాలి మొత్తం తీసేసి, క్రిములు లేకుండా చేసి, ద్రవరూపంలో ఉన్న నియాన్‌లో ముంచి పంపిన్రు. అంత చల్లదనంలో సీసా మూత తెరిస్తే చుట్టుపక్కల గాలి దానంతట అదే లోపలికి గుంజుకుపోతది. ఒక్కో ఎత్తులో ఒక్కో సీసా తెరిచి, మూసి, కిందికి తెచ్చిన్రు. శాంపిళ్లు బ్రిటన్ దాకా పోయినయి. అక్కడ మైక్రోస్కోప్ కింద బ్యాక్టీరియా లాంటి గుండ్రటి కణాల గుంపులు ఫోటోల్లో కనిపించినయి.

ఇక్కడిదాకా మంచి సైన్స్. తర్వాత అడుగు చూడండి.

2002 నవంబర్‌లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో సార్స్ మొదలైంది. 2003 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ప్రపంచమంతా మాస్కులు, ఎయిర్‌పోర్టుల్లో భయం. అప్పుడు, 2003 మే 24న, లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ఒక లేఖ వచ్చింది. రాసింది చంద్ర విక్రమసింఘే, మిల్టన్ వెయిన్‌రైట్, నార్లీకర్. సారాంశం ఇది: మా బెలూన్ శాంపిళ్ల లెక్కన రోజుకు సుమారు ఒక టన్ను బ్యాక్టీరియా పదార్థం అంతరిక్షం నుంచి భూమి మీద పడుతుండొచ్చు. సార్స్ వైరస్ కూడా అట్లనే హిమాలయాలకు తూర్పున పడి ఉండొచ్చు.

ఆలోచించండి. హైదరాబాద్ మీద పట్టిన గాలి సీసాలోంచి, చైనాలో మనుషులను చంపుతున్న జబ్బు దాకా, ఒక్క లేఖలో వంతెన కట్టేసిన్రు. విక్రమసింఘేకు ఇది కొత్త కాదు. తన గురువు ఫ్రెడ్ హోయల్‌తో కలిసి 1979లోనే, ఫ్లూ తోకచుక్కల నుంచి వస్తదని పుస్తకం రాసిండు. ఇన్‌ఫ్లుయెంజా, అంటే నక్షత్రాల ప్రభావం. పాత మాటే కొత్త లెక్కలతో తిరిగొచ్చింది.

పేపర్లకు పండుగే గదా. 'అంతరిక్షం నుంచి సార్స్' అని ప్రపంచమంతా హెడ్‌లైన్లు. ఆగస్టులో అదే లాన్సెట్‌లో వేరే శాస్త్రవేత్తలు జవాబు రాసిన్రు. వాళ్ల వాదన నేను సింపుల్‌గా నా మాటల్లో చెప్తా.

బ్యాక్టీరియా వేరు, వైరస్ వేరు. బ్యాక్టీరియా దాని తిండి అది తిని బతుకుతది. వైరస్‌కు ఆ శక్తి లేదు, ఇంకో జీవి కణంలో దూరాల్సిందే. దూరాలంటే ఆ కణం తలుపుకు సరిపోయే తాళంచెవి ఉండాలె. సార్స్ వైరస్ ముళ్లు మన కణాల మీది ఏసీఈ2 అనే తలుపుకు సరిగ్గా సరిపోతయి. మన తలుపు ఎప్పుడూ చూడని తాళంచెవి, అంతరిక్షంలో ఎక్కడో తయారై, మన తలుపుకే ఎట్ల సరిపోతది? పైగా అప్పటికే సార్స్ వైరస్ జన్యువు మొత్తం చదివేసిన్రు. అది భూమి మీది కరోనా వైరస్ కుటుంబానికి చుట్టమే. తర్వాత అలాంటి వైరస్ చైనా మార్కెట్లో అమ్మే పునుగుపిల్లుల్లో దొరికింది. 2005లో గబ్బిలాల్లో దాని దగ్గరి చుట్టాలు దొరికినయి.

ఇందులో ప్రమాదం ఏముంది, ఏదో లేఖే గదా అంటరా? సార్స్ ఆకాశం నుంచి పడేదయితే ఎవరేం చేయగలరు? గొడుగు పట్టుకుంటమా? అది మనిషి నుంచి మనిషికి దగ్గరి నుంచి అంటుతదని తెలిసింది కాబట్టే రోగులను వేరుగా పెట్టిన్రు, వాళ్లను కలిసినోళ్లను వెతికిన్రు, నర్సులకు మాస్కులిచ్చిన్రు. 8,000 మందికి పైగా సోకి, 774 మందిని తీసుకున్న ఆ జబ్బు 2003 జూలైకల్లా ఆగిపోయింది. టీకా లేకుండా ఆగింది. చిరునామా సరిగ్గా దొరికినందుకే ఆగింది.

ఈ కథకు ఒక మలుపు ఉంది. నార్లీకర్ బృందం ఆగలేదు. 2005 ఏప్రిల్ 20న మళ్లీ హైదరాబాద్ నుంచే బెలూన్ ఎగరేసిన్రు. 459 కిలోల పరికరాలు, 16 సీసాలు. ఈసారి శాంపిళ్లను మన సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ రెండూ విడివిడిగా పరీక్షించినయి. 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాలు దొరికినయి. అందులో మూడు బ్యాక్టీరియా అప్పటిదాకా ఎవరికీ తెలియనివి. 2009 మార్చిలో ఇస్రో ప్రకటించింది. ఒకదానికి హోయల్ పేరు మీద జానిబాక్టర్ హోయిలీ, రెండోదానికి ఇస్రో పేరు మీద బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, మూడోదానికి ఆర్యభట్ట పేరు మీద బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టిన్రు.

మళ్లీ టీవీల్లో ఏలియన్ బ్యాక్టీరియా అని హడావుడి. కానీ ఇస్రో ఏమన్నదో తెలుసా? ఇవి అంతరిక్షం నుంచే వచ్చినయని ఈ అధ్యయనం తేల్చలేదు, పని కొనసాగించడానికి మాత్రం ఉత్సాహం ఇస్తున్నది అని. ఆ మాటను మాత్రం ఎవరూ హెడ్‌లైన్ చేయలేదు. తర్వాతి ఏళ్లలో ఆ బాసిల్లస్ ఆర్యభట్టై ఎక్కడ దొరికిందో వినండి. మట్టిలో. మొక్కల వేళ్ల దగ్గర. ఎన్నో దేశాల్లో. పైరుకు మేలు చేసే బ్యాక్టీరియాగా దాని మీద పరిశోధనలే జరుగుతున్నయి. ఆకాశంలో వెతికి తెచ్చింది మన పొలంలో కూడా ఉంది!

నార్లీకర్ గారిని తక్కువ చేయడానికి ఇది చెప్తలేను. ప్రశ్న అడగడం తప్పు కాదు, బెలూన్ ఎగరేయడం గొప్ప పని. రుజువు 41 కిలోమీటర్ల దగ్గర ఉంటే, మాట అక్కడే ఆగాలె. చైనా ఆసుపత్రి దాకా పోవద్దు. 2009లో ఇస్రో ఆ గీత దాటలేదు. 2003 లేఖ దాటింది.

మన ఫోన్లోకి వచ్చిన ఆకాశం

ఇప్పుడు 2020కి వద్దాం. ఇది మీరందరూ చూసిందే.

ఫిబ్రవరిలో ఒక మ్యాప్ తిరిగింది. వుహాన్ మీద ఎర్రటి మేఘం. 'శాటిలైట్ ఫోటో, శవాలను కాలుస్తున్నరు, అందుకే సల్ఫర్ డయాక్సైడ్' అని. అది ఫోటోనే కాదు. నాసా కంప్యూటర్ మోడల్ వేసిన అంచనాను ఒక వాతావరణ వెబ్‌సైట్ రంగుల్లో చూపించింది. అక్కడ మామూలుగా ఎంత పొగ వస్తదన్న పాత లెక్కల మీద నడిచే మోడల్ అది. ఆ వారం వుహాన్‌లో ఏం జరుగుతుందో దానికి తెలియనే తెలియదు.

మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు. అంతకు ముందే చికెన్ తింటే కరోనా అని పుకారు. కోళ్ల రేట్లు పడిపోయినయి. మా సిద్దిపేట వైపు కోళ్ల ఫారాలు నడుపుకునేటోళ్ల గోస ఆ రోజుల్లో చూసినోళ్లకు తెలుసు. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో రాష్ట్ర మంత్రులే స్టేజీ మీద చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

మార్చి 22 జనతా కర్ఫ్యూ రోజు సాయంత్రం చప్పట్లు కొట్టినం. ఆసుపత్రి సిబ్బందికి కృతజ్ఞతగా. రాత్రికల్లా మెసేజ్: 'నాసా ఎస్‌డీ13 శాటిలైట్ లైవ్‌లో చూపించింది, మన చప్పట్ల తరంగాలకు ఇండియాలో కరోనా వెనక్కి పోతున్నది' అని. మా ఊరి గ్రూపులో కూడా వచ్చింది, చదువుకున్నోళ్లే పంపిన్రు. ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం చప్పట్ల శబ్దానికి వైరస్ చావదని చెప్పాల్సి వచ్చింది.

ఒక్క లెక్క చేద్దాం, ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి. ల్యాండ్‌శాట్ అనే పేరున్న ఉపగ్రహం ఫోటోలో ఒక్క చుక్క నేల మీద 30 మీటర్లు. కరోనా వైరస్ సైజు సుమారు 100 నానోమీటర్లు. ఆ 30 మీటర్ల పొడుగునా వైరస్‌లను పక్కపక్కన పేరిస్తే ఎన్ని పడతయి? 30 కోట్లు. 30 కోట్ల వైరస్‌ల వరుస ఆ ఫోటోలో ఒక్క చుక్క వెడల్పు. ఇంక లైవ్‌లో వైరస్ పారిపోవుడు ఎక్కడిది? పైగా శబ్దం పోవాలంటే గాలి కావాలె. అంతరిక్షంలో గాలి లేదు.

రంగుల సంగతి కూడా తెలుసుకోండి. ఎర్ర ముళ్లున్న బూడిదరంగు బంతి బొమ్మ గుర్తుందా? అది ఫోటో కాదు. అమెరికా సీడీసీలో ఇద్దరు ఆర్టిస్టులు 2020 జనవరిలో తయారు చేసిన బొమ్మ. వైరస్ వెలుతురు అలల కన్నా చిన్నది, దానికి రంగు అనేదే ఉండదు. ఎరుపు వాళ్లు ఎంచుకున్నది. అట్లనే షాద్‌నగర్‌లో మన ఎన్ఆర్ఎస్‌సీ వాళ్లు అందుకునే ఉపగ్రహ చిత్రాలు కొన్నిటిలో పచ్చటి వరి పొలం నెత్తురు లెక్క ఎర్రగా ఉంటది. కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎరుపుగా చూపిస్తరు కాబట్టి. ఎంత ఎర్రగా ఉంటే పంట అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈ సంగతి తెలియనోడి చేతికి ఆ ఫోటో ఇస్తే 'మెదక్ మీద వైరస్ మేఘం' అని ఫార్వర్డ్ చేస్తడు. వేరే అర్థంలో చూస్తే, అది మన రైతు కష్టం ఫోటో.

ఇంకొకటి. 2020లో విక్రమసింఘే మళ్లీ వచ్చిండు. 2019 అక్టోబర్‌లో చైనా మీద పేలిన ఉల్క నుంచే కోవిడ్ వచ్చి ఉంటదన్నడు. 1979లో ఫ్లూ, 2003లో సార్స్, 2020లో కోవిడ్. జబ్బు మారింది, జవాబు మారలేదు. ఏ రుజువు వచ్చినా మారని జవాబును సైన్స్ అనరు.

ఉపగ్రహం నిజంగా జబ్బును చూసినప్పుడు

మరి అంతరిక్షం ఫోటోలు జబ్బుల విషయంలో పనికిరావా? బ్రహ్మాండంగా పనికొస్తయి.

2006లో తూర్పు ఆఫ్రికా. అక్కడ రిఫ్ట్ వ్యాలీ జ్వరం అని ఒకటుంది. పశువులను, మనుషులను చంపుతది. దోమల ద్వారా వస్తది. ఆ ఏడాది సముద్రం వేడెక్కడం, వానలు ఎక్కువవడం, ఎండిన నేల ఒక్కసారిగా పచ్చబడడం ఉపగ్రహ చిత్రాల్లో శాస్త్రవేత్తలు చూసిన్రు. పచ్చదనం అంటే నీళ్లు నిలిచినట్టు. నీళ్లు నిలిస్తే దోమలు. జబ్బు బయటపడడానికి రెండు నుంచి ఆరు వారాల ముందే ఏ ప్రాంతాల్లో రావచ్చో హెచ్చరించిన్రు. వాళ్లు వైరస్‌ను చూడలేదు. నీళ్లను చూసిన్రు.

ఆ లెక్కలో ఒక ముక్క ఎక్కడిదో గుర్తుపట్టిన్రా? నీళ్లు, దోమ, జబ్బు. బేగంపేటలో 1897లో చెమటకు తుప్పు పట్టిన మైక్రోస్కోప్ కింద తేలిన దారి అది. ఆ దారి తెలియకపోతే, ఎంత ఖరీదైన ఉపగ్రహం ఎన్ని ఫోటోలు తీసినా అందులో జబ్బు కనిపించదు. ఫోటోకు అర్థం ఇచ్చేది ఫోటో కింద ఉన్న జ్ఞానం.

అందుకే ఈసారి గ్రూపులో 'నాసా ఫోటో' అనో, 'కొత్త వైరస్ అసలు రూపం' అనో వస్తే నేను మూడు సంగతులు చూస్త. ఇది ఫోటోనా, బొమ్మనా, కంప్యూటర్ అంచనానా? రంగులు నిజమా, ఎవరన్నా వేసినవా? ఫోటో చూపిస్తున్నదానికీ, కింద రాసినదానికీ మధ్య ఎన్ని కిలోమీటర్ల వంతెన ఉంది? మూడోదే అసలైంది. చాలా అబద్ధాల్లో ఫోటో నిజమే ఉంటది, వంతెనే ఉత్తది.

వానకాలం నడుస్తున్నది. ప్రతి ఏడాది ఈ నెలల్లో మన జిల్లాల్లో డెంగీ వార్తలు వస్తయి. డెంగీ దోమ మన కూలర్లో, పాత టైర్లో, మిద్దె మీది డ్రమ్ములో, చెట్ల కుండీ కింది పళ్లెంలో పుడుతది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడతది. కాబట్టి వారానికోసారి ఆ నీళ్లు పారబోస్తే దాని కథ అక్కడే అయిపోతది. ఆకాశంలో ఏముందో నార్లీకర్ లాంటోళ్లు బెలూన్ ఎగరేసి చూస్తరు, చూడాలె కూడా. డ్రమ్ములో ఏముందో మాత్రం మనమే చూడాలె.

మీ ఊర్లో ఎప్పుడన్నా బెలూన్ పరికరం పడిందా? 1980 గ్రహణం నాటి సంగతులు మీ ఇంట్లో పెద్దోళ్లు ఏమన్నా చెప్తరా? వాళ్లను అడిగి రికార్డ్ చేసి పంపండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్త. వచ్చే వారం బేగంపేటలోనే, రాస్ పని చేసిన చోటుకు దగ్గర్లో, లక్షల నక్షత్రాలను ఫోటోల్లో లెక్కపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ కథ చెప్పుకుందాం.